వేల్స్‌ను ఫోటో తీసిందెవరు? ఆ ఫోటోలు ఎవరివి?

దక్షిణ వేల్స్ తీరంలోని పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారంలో 2024 సెప్టెంబరు 30న నాలుగో నంబరు బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమి, ఆగిపోయింది. ఐదో నంబరు ఫర్నేస్ అదే ఏడాది జూలైలోనే చల్లారింది. కర్మాగారం టాటా స్టీల్‌ది కావడంతో ఆ వార్తను భారతదేశంలోనూ చాలామంది చదివారు. చదివినవాళ్లు దాదాపు ఒకే రకమైన ఫోటో చూసి ఉంటారు: ముందు గోడకు గోడ ఆనుకున్న చిన్న ఇళ్ల వరుస, వెనుక పొగ గొట్టాలు, తెల్లటి ఆవిరి, పైన మబ్బు పట్టిన ఆకాశం.

వేల్స్‌ను ఇలా చూపించడం 2024లో మొదలైంది కాదు. ఇళ్ల వరుస, బొగ్గు గుట్ట, మసి మొహం, వాన అనే నాలుగు దినుసులతో ఆ దేశాన్ని చూపడం ఏడు దశాబ్దాలకు పైగా సాగుతోంది. ఇలా చూపడం ఎవరు మొదలుపెట్టారు, ఆ ఫోటోల్లో అక్కడి జనం తమను తాము గుర్తుపట్టారా, అసలు ఆ ఫోటోలు ఎవరి సొత్తు అన్న ప్రశ్నలు వేల్స్‌లో చాలాకాలంగా నలుగుతున్నాయి. చర్చ సాధారణంగా బయటివాళ్లు తీశారా, ఊరివాళ్లు తీశారా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ విభజన కొంతవరకే పనికొస్తుందని నా అభిప్రాయం. కెమెరా పట్టుకున్న మనిషి అక్కడ ఎంతకాలం ఉన్నాడు, తీసిన బొమ్మ చివరికి ఎక్కడికి చేరింది అనే రెండు విషయాలు పుట్టిన ఊరి కంటే ఎక్కువ సంగతులు చెబుతాయి.

ముందుగా రెండు మూడు మాటల అర్థం

డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీకి, వార్తా ఫోటోగ్రఫీకి మధ్య గట్టి గోడ లేదు కానీ తేడా ఉంది. ఒక ఊహాత్మక ఉదాహరణతో చెప్పుకుందాం. ఒక వెల్ష్ గ్రామంలో నూట యాభై ఏళ్ల చాపెల్ మూతపడుతోంది. చాపెల్ అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చికి వెలుపల ఏర్పడిన ప్రొటెస్టెంట్ సంఘాల ప్రార్థనా మందిరం. వేల్స్‌లో ప్రార్థనతో పాటు బృందగానం, ఆదివారపు బడి, వెల్ష్ చదవడం, రాయడం కూడా చాలా ఊళ్లలో అక్కడే సాగేవి. పత్రికా ఫోటోగ్రాఫర్ చివరి ప్రార్థన రోజున వెళ్లి, తలుపుకు తాళం వేస్తున్న పెద్దమనిషిని తీసి, సాయంత్రంలోగా ఫోటో పంపిస్తాడు. డాక్యుమెంటరీ ఫోటోగ్రాఫర్ ఏడాది ముందే వెళ్లి, పన్నెండు మంది మిగిలిన సమావేశాన్ని, టీ కప్పులు కడుగుతున్న చేతులను, అరిగిన పాటల పుస్తకాన్ని, ఆ తర్వాత భవనం కొన్నవాళ్లు పెట్టించిన కొత్త కిటికీలను కూడా తీస్తాడు. మొదటి ఫోటో జరిగిన సంఘటనను చెబుతుంది. రెండో వరుస ఆ మార్పు ఎలా జరిగిందో చెప్పే ప్రయత్నం చేస్తుంది. ఇక ఆ ఊరి వాళ్లే తమ ఇళ్లలోని పాత ఫోటోలు తెచ్చి, వాటిలో ఉన్నవాళ్ల పేర్లు రాసి ఒకచోట చేరిస్తే అది మూడో పని. దాన్ని సామాజిక ఆర్కైవ్ అంటారు. ఈ మూడూ వేల్స్‌లో పక్కపక్కనే పెరిగాయి.

రెండో మాట ‘సమాజం’. వెల్ష్ భాషలో ‘బ్రో’ అనే చిన్న పదం ఉంది. మనిషి పుట్టి పెరిగిన ప్రాంతం, అక్కడి జనం, వాళ్ల మాట తీరు అన్నీ కలిసిన ముద్ద అది. దానికి దగ్గరగానే ‘మిల్తిర్ స్గ్వార్’ అనే నుడికారం ఉంది. అక్షరాలా చదరపు మైలు అని అర్థం. బాల్యంలో కాలినడకన తిరిగి, ప్రతి గడపను పేరుతో ఎరిగిన మేర అని భావం. వెల్ష్ ఫోటోగ్రాఫర్లలో చాలామంది ఎంచుకున్న కొలత ఇదే: దేశం మొత్తాన్ని కాక, ఒక వీధిని, ఒక లోయను.

ఆ దేశమూ చిన్నదే. 2021 జనగణన ప్రకారం జనాభా 31 లక్షలు. మూడేళ్లు పైబడిన వారిలో వెల్ష్ మాట్లాడేవారు సుమారు 5,38,000 మంది, అంటే 17.8 శాతం, పదేళ్ల ముందు 19 శాతం. పశ్చిమాన, వాయవ్యాన వెల్ష్ ఇంకా వీధి భాషగా ఉన్న ప్రాంతాలు ఉన్నాయి. దక్షిణాన బొగ్గు లోయలు పంతొమ్మిదో శతాబ్దంలో నలుమూలల నుంచి వచ్చిన జనంతో నిండాయి. 1920 ప్రాంతంలో అక్కడి గనుల్లో రెండున్నర లక్షల మందికి పైగా పనిచేసేవారు. ఈ రెండు వేల్స్‌ల ఫోటో చరిత్రలు ఒకటి కావు. బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం ఎక్కువగా రెండోదే.

పెద్ద పత్రికలు పంపిన కెమెరాలు

1950లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డబ్ల్యూ. యూజీన్ స్మిత్ బ్రిటన్ సాధారణ ఎన్నికల కోసం ‘లైఫ్’ పత్రిక తరఫున వచ్చి దక్షిణ వేల్స్‌లో తీసిన ఒక ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ముగ్గురు గని కార్మికులు, ముగ్గురి వయసులూ వేరు, మొహాలు నల్లటి ధూళితో నిండి ఉంటాయి. వెనుక కొండవాలు, ఇళ్ల వరుసలు. ‘మూడు తరాల వెల్ష్ గని కార్మికులు’ అన్న పేరుతో అది స్థిరపడింది. వాళ్లు ఎవరికి ఓటు వేశారో, ఆ రోజు గనిలో ఏం జరిగిందో ఆ బొమ్మ చెప్పదు. ‘తరాలు’ అనే ఒక్క మాటతో ముగ్గురు మనుషులు ఒక జాతి విధికి ప్రతినిధులైపోయారు. ఫోటో గొప్పదే, ఆ గొప్పతనమే వాళ్ల పేర్లను మింగేసింది.

మూడేళ్ల తర్వాత, 1953లో, స్విట్జర్లాండ్‌లో పుట్టిన రాబర్ట్ ఫ్రాంక్ కైరై అనే గని ఊరికి వచ్చి దీనికి భిన్నమైన పని చేశాడు. బెన్ జేమ్స్ అనే ఒకే ఒక్క కార్మికుడి వెంట తిరిగి అతని పనిని, ఇంటిని, కుటుంబాన్ని తీశాడు. ఇక్కడ మనిషికి పేరు ఉంది. ఇద్దరూ బయటివాళ్లే, ఇద్దరి విషయమూ బొగ్గే, అయినా రెండూ వేర్వేరు రకాల చూపులు. బయటివాడు అనే ముద్ర ఎంత తక్కువ చెబుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఈ తేడా అత్యంత కఠినంగా బయటపడిన చోటు అబెర్‌వాన్. 1966 అక్టోబరు 21 ఉదయం, గని వ్యర్థాలను పోగేసిన ఏడో నంబరు గుట్ట వాన నీటికి, లోపలి ఊటకు కదిలి, కొండ దిగి పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాల మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. ఆ రోజుల్లో అక్కడ గుమిగూడిన పత్రికల వాళ్లలో ఒక ఫోటోగ్రాఫర్, బొమ్మ బాగా రావడం కోసం చనిపోయిన నేస్తాలను తలచుకుని ఏడవమని ఒక పిల్లకు చెప్పడం విన్నానని సహాయక చర్యల్లో పాల్గొన్న ఒకరు తర్వాత గుర్తు చేసుకున్నారు. ఆ ఊరిలో కెమెరా పట్ల ఏర్పడిన అనుమానానికి మూలం వెతకడానికి ఆ ఒక్క జ్ఞాపకం చాలు.

అదే ఊరికి, పత్రికల గుంపు తగ్గాక, ఐ. సి. రాపోపోర్ట్ అనే అమెరికన్ వచ్చాడు. అతనూ ‘లైఫ్’ పత్రిక పంపినవాడే. కానీ వారాల తరబడి ఉన్నాడు. తవ్వకాన్ని కాక, తర్వాతి రోజులను తీశాడు: బతికిన పిల్లలు, పబ్బులో మౌనంగా కూర్చున్న తండ్రులు, మళ్లీ మొదలైన ఇంటిపని. శోకాన్ని తీయడం తప్పా కాదా అన్న ప్రశ్నకు అతని పని సమాధానం ఇవ్వదు. అయితే దుఃఖంలో ఉన్న ఇంటికి ఏ వేళకు వెళ్లాలి, వెళ్లాక ఎంతసేపు కూర్చోవాలి అన్నది ఎంత పెద్ద విషయమో చూపిస్తుంది.

ఫోటోకు భాష వినబడదు

ఫోటో మాటలను పట్టుకోలేదు. ఇది అందరికీ తెలిసినదే కానీ వేల్స్ విషయంలో దీని పర్యవసానం పెద్దది. ఇద్దరు రైతులు కంచె దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్న ఫోటోలో వాళ్లు వెల్ష్‌లో మాట్లాడుతున్నారా, ఇంగ్లీషులోనా అన్నది కనబడదు. వెల్ష్ సంస్కృతికి ప్రాణం భాషే అనుకునేవారికి, ఆ ప్రాణమే కనిపించని మాధ్యమం ఫోటోగ్రఫీ. గని కార్మికుడి మసి మొహం కనిపిస్తుంది, అతని పలుకు కనిపించదు. బయటి పత్రికల్లో బొగ్గు వేల్స్ అంతగా వ్యాపించి, వెల్ష్ మాట్లాడే వేల్స్ మరుగున ఉండిపోవడానికి ఇదొక కారణమని నేను అనుకుంటున్నాను.

ఆ లోటును ఫోటో కింద రాసే మాట తీర్చాలి. ఆ మాట ఏ భాషలో ఉందన్నది అందుకే ముఖ్యం. జెఫ్ చార్లెస్ (1909–2002) పనిని ఈ కోణంలో చూడాలి. ఆయన ‘అ కమ్రో’ అనే వెల్ష్ వారపత్రికకు దశాబ్దాల పాటు ఫోటోలు తీశాడు; ఆయన నెగటివ్‌లు సుమారు 1,20,000 ఆబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. గొర్రెల సంతలు, పెళ్లిళ్లు, ఐస్టెడ్‌వోడ్ అనే కవిత్వ, సంగీత పోటీల ఉత్సవాలు, రైలు ప్రమాదాలు, మంచు తుపాన్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన పాఠకులు ఆ బొమ్మల్లో ఉన్నవాళ్ల చుట్టాలూ, ఇరుగుపొరుగు వాళ్లూ.

ఆయన ఫోటోల్లో ఒకటి 1945 నాటిది. బెద్‌గెలెర్ట్ సమీపంలోని కొండ వ్యవసాయ క్షేత్రాన్ని వదిలి, ఇంగ్లండ్‌లోని హింక్లీలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్న కార్నెదోగ్ అనే కవి, ఆయన భార్య కాట్రిన్ అందులో ఉన్నారు. వయసు మళ్లిన ఇద్దరు, ముదురు రంగు బట్టలు, చూపు కొండల వైపు. ఆ వృద్ధ దంపతులను ఎరగని వాళ్లకు అది ఒక వలస ఫోటో. ‘అ కమ్రో’ చదివేవాళ్లకు మాత్రం ఆయన పేరున్న మనిషి. ఆ ఇల్లు తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఇల్లు. వాళ్లు వెళ్తున్నది మరో భాష ఉన్న ఊరికి. బొమ్మలో భాష లేదు. చూసేవాడు దాన్ని తన ఇంటి నుంచి తెచ్చుకుంటాడు.

ముంపు అనే మాట తెలుగువారికి వివరించనక్కర్లేదు. 1957లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరపాలక సంస్థకు నీటి కోసం వేల్స్‌లోని ట్రవెరిన్ లోయను ముంచే అధికారం ఇస్తూ బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ఆనాడు వేల్స్ నుంచి ఉన్న 36 మంది ఎంపీల్లో 35 మంది వ్యతిరేకించారు, ఒకరు ఓటు వేయలేదు. అయినా చట్టం ఆగలేదు. 1965లో జలాశయం తెరిచేనాటికి కాపెల్ కెలిన్ గ్రామం, దాని బడి, చాపెల్, తపాలా కార్యాలయం, శ్మశానం నీటి కింద ఉన్నాయి. లోయలో ఉన్న 67 మందిలో 48 మంది ఇళ్లు కోల్పోయారు. లెక్కకు 48 మందే. కానీ అది పూర్తిగా వెల్ష్ మాట్లాడే ఊరు కావడం వల్ల దేశమంతా కదిలింది. జెఫ్ చార్లెస్ ఆ ఊరిని కూల్చకముందు నుంచీ తీశాడు: 1956లో గ్రామస్థులు లివర్‌పూల్ వీధుల్లో చేసిన ఊరేగింపు, బడి పిల్లలు, ఇంటి గుమ్మంలో నిలబడ్డ స్త్రీలు. ఇవాళ కాపెల్ కెలిన్ ఎలా ఉండేదో చెప్పమంటే మిగిలిన సాక్ష్యంలో పెద్ద భాగం ఆ నెగటివ్‌లే.

తర్వాత జరిగినది ఆసక్తికరం. 1960లలో మైక్ స్టీవెన్స్ అనే రచయిత ఆబెరిస్ట్‌విత్‌కు దక్షిణంగా రోడ్డు పక్కన ఒక పాడుబడ్డ గోడ మీద ‘ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి’ అని వెల్ష్‌లో రెండు మాటలు రాశాడు. ఎర్ర రంగు మీద తెల్లటి అక్షరాలున్న ఆ గోడ వేల్స్‌లో అత్యధికంగా ఫోటో తీసిన గోడల్లో ఒకటి. 2019లో ఎవరో దాన్ని పాడుచేస్తే, దేశమంతటా గోడల మీద అవే మాటలు వెలిశాయి. భాషను వినలేని కెమెరా గోడ మీది రాతను మాత్రం చదవగలదు. 1963 ఫిబ్రవరిలో ఆబెరిస్ట్‌విత్‌లోని ట్రెవెఖన్ వంతెనపై వెల్ష్ భాషా సంఘం జరిపిన తొలి నిరసన మొదలుకొని, భాషా ఉద్యమపు ఫోటోలన్నిటిలో ప్లకార్డులు, రంగు పూసిన దారి బోర్డులు, గోడ రాతలే ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే. ఆ తర్వాతి తరంలో మారియన్ డెలిత్ వంటి వెల్ష్ ఫోటోగ్రాఫర్లు ఆ నిరసనలను దశాబ్దాల పాటు లోపలి నుంచి తీశారు.

న్యూపోర్ట్‌లో బడి పెట్టడం వల్ల ఏం మారింది

1973లో డేవిడ్ హర్న్ న్యూపోర్ట్ నగరంలో డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ పాఠశాలను స్థాపించాడు. ఆయన 1934లో ఇంగ్లండ్‌లో పుట్టి కార్డిఫ్‌లో పెరిగినవాడు. 1956 హంగరీ తిరుగుబాటును తీసి పేరు తెచ్చుకుని, మాగ్నమ్ అనే అంతర్జాతీయ ఫోటోగ్రాఫర్ల సహకార సంస్థలో సభ్యుడయ్యాడు. అంతటివాడు లండన్‌ను వదిలి వేల్స్‌కు తిరిగి వచ్చి, తండ్రి దేశం అనే మాటకు అర్థం ఏమిటో కెమెరాతో వెతకడం మొదలుపెట్టాడు.

ఆయన పాఠంలో మొదటి సూత్రం విషయం ముందు, శైలి తర్వాత. నీకు దేని మీద నిజమైన ఆసక్తి ఉందో తేల్చుకో, అది బస్సులో వెళ్లి చేరుకోగలిగేంత దగ్గరలో ఉందో లేదో చూసుకో, మళ్లీ మళ్లీ వెళ్లు. కళాశాలల్లో ఫోటోగ్రఫీని ప్రధానంగా కళగానో, ప్రకటనల వృత్తిగానో నేర్పుతున్న కాలంలో ఇది వేరే దారి. విద్యార్థులు న్యూపోర్ట్ నగరాన్నే అభ్యాస స్థలంగా చేసుకుని, నగర జీవితాన్ని ఏళ్ల తరబడి సర్వేలా తీశారు. ఈశాన్య ఇంగ్లండ్ నుంచి వచ్చిన టిష్ మర్తాను ఏం తీయాలనుకుంటున్నావని అడిగితే, పిల్లల్ని తన్నే పోలీసులను తీయాలని ఉందని చెప్పిందని, ఆ ఒక్క మాటకే హర్న్ సీటు ఇచ్చాడని ప్రసిద్ధి. ఆమె చదువు ముగించి తన ఊరికే వెళ్లి, తన వీధిలోని నిరుద్యోగ యువతను తీసింది. ‘చదరపు మైలు’ పాఠం వేల్స్ సరిహద్దు దాటి పనిచేసిందనడానికి ఆమె మంచి ఉదాహరణ.

ఆ బడి పుట్టకముందే ఇంకొక వెల్ష్ ఫోటోగ్రాఫర్ అలాంటి పాఠాన్నే మరింత దూరం తీసుకుపోయాడు. ఉత్తర వేల్స్‌లోని రిద్లన్‌లో 1936లో పుట్టిన ఫిలిప్ జోన్స్ గ్రిఫిత్స్ ప్రపంచానికి తెలిసింది 1971లో వచ్చిన ‘వియత్నాం ఇంక్.’ పుస్తకంతో. ఒక పెద్ద శక్తి పక్కన చిన్న జాతిగా బతకడం ఎలా ఉంటుందో వెల్ష్ గ్రామంలో పెరిగినందువల్ల తనకు తెలుసని, వియత్నాం పల్లెలను అర్థం చేసుకోవడానికి అదే దారి చూపిందని ఆయన చెప్పేవాడు. 1961లో పాంట్-అ-వైన్‌లో ఆయన తీసిన ఫోటోలో ఒక బాలుడు ఆరుబయట పడి ఉన్న పియానో మీద వేయడానికి పెద్ద రాయిని తలపైకి ఎత్తి ఉంటాడు. పియానో ఉన్న ఇల్లంటే చాపెల్ పాటలున్న ఇల్లు, పరువున్న ఇల్లు. ఆ ఊరే తర్వాత ఓపెన్‌కాస్ట్ తవ్వకంలో, అంటే బొగ్గు కోసం నేలను పైనుంచే తవ్వేయడంలో, కనుమరుగైంది. తీసిన నాడు ఒక అల్లరి పిల్లవాడి బొమ్మ. ఊరు పోయాక అదే బొమ్మకు అర్థం మారిపోయింది.

సమ్మె నాటి లోయలు

1978లో కార్డిఫ్‌లో ఏర్పడిన ఫోటోగ్యాలరీ అనే సంస్థ 1984 నుంచి 1990 వరకు ‘వ్యాలీస్ ప్రాజెక్ట్’ నడిపింది. దక్షిణ వేల్స్ లోయలను తీయడానికి పలువురు ఫోటోగ్రాఫర్లకు పని అప్పగించింది. ఆ కాలం గమనించాలి: గని కార్మికుల మహా సమ్మె 1984 మార్చిలో మొదలై 1985 మార్చిలో ఓటమితో ముగిసింది, రొండా లోయలో చివరి గని మార్డీ 1990 డిసెంబరులో మూతపడింది. అంటే ప్రాజెక్టు ఆరంభానికీ ముగింపుకీ మధ్య ఒక నాగరికత ముగిసింది.

లోయలోనే పెరిగిన రోజర్ టైలీ సమ్మెను, గని సమాజాన్ని తీశాడు. జాన్ డేవీస్ దూరం నుంచి, ఎత్తు నుంచి, కొండలూ రైలు పట్టాలూ ఇళ్లూ ఒకే కాగితం మీద అమరేలా తీశాడు. పీటర్ ఫ్రేజర్, పాల్ రీస్ రంగు ఫిల్మ్ వాడారు. ఇవాళ మామూలుగా అనిపించే ఈ నిర్ణయం అప్పట్లో వాదనకు దారితీసే విషయం, ఎందుకంటే గంభీరమైన సామాజిక విషయానికి నలుపు-తెలుపే తగినదని నమ్మకం ఉండేది. నలుపు-తెలుపులో నిరుద్యోగి గతకాలపు మనిషిలా కనిపిస్తాడు. రంగులో అతని ఇంటి వాల్‌పేపరు, ప్లాస్టిక్ కుర్చీ, టీవీ కనిపించి, అతను మన సమకాలికుడవుతాడు. రీస్ లోయల్లోకి కొత్తగా వచ్చిన కర్మాగారాలను తీసి, తర్వాత పాత గనులను పర్యాటక స్థలాలుగా మార్చే ‘వారసత్వ పరిశ్రమ’ మీద దృష్టి పెట్టాడు. తాత పనిచేసిన గనిలోకి మనవడు టికెట్టు కొనుక్కుని దిగడం వేల్స్‌లో జరిగిన విషయం. బ్లైనావన్‌లోని బిగ్ పిట్ గని 1980లో మూతపడి 1983లో మ్యూజియంగా తెరుచుకుంది.

ఈ ప్రాజెక్టు పైన ఒక న్యాయమైన విమర్శ ఉంది. డబ్బు ఇచ్చింది, విషయం నిర్ణయించింది కార్డిఫ్‌లోని కళా సంస్థ. ప్రింట్లు చేరిందీ గ్యాలరీ గోడల మీదికే. మరోవైపు, ఆ ఫోటోగ్రాఫర్లు రోజుల్లో కాక నెలల్లో, ఏళ్లలో పని చేశారు. ఆ పని లేకపోతే ఆ దశాబ్దపు లోయల గురించి మనకు సమ్మె నాటి ఘర్షణ ఫోటోలే ఎక్కువగా మిగిలేవి. రెండు మాటలూ నిజమే.

వేషం వేయిస్తే అది డాక్యుమెంటరీ అవుతుందా

2015 నుంచి ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ క్లెమెంటీన్ ష్నైడర్‌మాన్, మెర్థర్ టిడ్‌విల్‌కు చెందిన స్టైలిస్ట్ షార్లెట్ జేమ్స్ కలిసి లోయల్లోని యువజన క్లబ్బుల పిల్లలతో ఒక పని మొదలుపెట్టారు. పిల్లలతో వర్క్‌షాపులు పెట్టి, వాళ్లతోనే బట్టలు, అలంకరణలు తయారు చేయించి, ఆ బట్టల్లో వాళ్ల వీధుల్లోనే ఫోటోలు తీశారు. బూడిద రంగు గోడల ముందు ఒకే రంగు దుస్తుల్లో బారులుగా నిలబడ్డ ఆడపిల్లలు సూటిగా కెమెరాలోకి చూస్తుంటారు. ఆ వరుసను ‘ఇట్స్ కాల్డ్ ఫాషున్’ పేరిట 2019లో ప్రదర్శించారు. ‘ఫాషున్’ అంటే ఫ్యాషన్‌కు వెల్ష్ రూపం.

ఇక్కడ చిక్కు ప్రశ్న వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చూపడమే డాక్యుమెంటరీ అయితే, ఏర్పాటు చేసిన ఈ బొమ్మలు డాక్యుమెంటరీ ఎలా అవుతాయి? కాదనేవారి వాదన తేలికగా తీసేయదగినది కాదు: మెర్థర్‌లో పేదరికం నిజం, గని పోయాక ఉద్యోగాలు రాకపోవడం నిజం, రంగు బట్టలు ఆ నిజాన్ని కప్పిపెడతాయి, చూసేవాడికి ఊరట ఇస్తాయి. అవుననేవారు ఇలా అంటారు: ఆ పట్టణాన్ని దశాబ్దాలుగా లేమికి చిరునామాగా చూపించిన ‘ఉన్నది ఉన్నట్టు’ ఫోటోలు కూడా ఎంపిక చేసినవే, ఎండ రోజున కాక వాన రోజున తీసినవే. పిల్లలు తాము ఎలా కనబడాలో తామే నిర్ణయించుకోవడం కూడా ఆ ఊరి వాస్తవంలో భాగమే.

నేను రెండో వైపుకే మొగ్గుతాను, ఒక షరతుతో. ఆ ఫోటోలు పిల్లల దైనందిన జీవితానికి సాక్ష్యం కావు. ఇద్దరు పెద్దలు, ఒక పిల్లల గుంపు కలిసి గడిపిన కాలానికి సాక్ష్యం. ఆ మేరకు అవి నిజాయితీగా ఉన్నాయి, ఎందుకంటే ఏర్పాటు చేసినట్టు దాచలేదు. దాచిన ఏర్పాటే డాక్యుమెంటరీకి శత్రువు. అబెర్‌వాన్‌లో పిల్లను ఏడవమన్న ఫోటోగ్రాఫర్ చేసింది కూడా ఏర్పాటే, కానీ అది సహజమైన కన్నీరుగా అచ్చు కావడానికి చేసినది.

ఇదే వరుసలో ఇంకో దారి కూడా ఉంది. డానియల్ మెడోస్ నేతృత్వంలో మొదలై 2001 నుంచి 2008 వరకు బీబీసీ నడిపిన ‘క్యాప్చర్ వేల్స్’లో ఫోటోగ్రాఫర్ ఎవరినీ తీయలేదు. ఊళ్లలో వర్క్‌షాపులు పెట్టి, మామూలు మనుషులు తమ ఇంటి ఆల్బమ్‌లోని ఫోటోలకు తమ గొంతు జోడించి, రెండు మూడు నిమిషాల చిన్న కథ తయారు చేసుకోవడం నేర్పారు. ఫోటోకు వినబడని భాష అక్కడ వినబడింది.

కార్డిఫ్ రేవు పక్కన ఉన్న బ్యూట్‌టౌన్‌లో ఇదే అవసరం మరింత పదునుగా కనిపించింది. సొమాలీ, యెమెనీ, కరీబియన్, పశ్చిమాఫ్రికా నావికుల కుటుంబాలు వంద ఏళ్లకు పైగా కలిసి బతికిన ఆ పేటను, టైగర్ బే అన్న పాత పేరుతో, 1950లో ‘పిక్చర్ పోస్ట్’ పత్రిక కోసం బెర్ట్ హార్డీ తీశాడు. 1960లలో పాత వీధులను చాలావరకు కూల్చేశారు. 1980ల చివర ఏర్పడిన బ్యూట్‌టౌన్ చరిత్ర, కళా కేంద్రం స్థానికుల ఇళ్లలోని ఫోటోలను, జ్ఞాపకాలను సేకరించింది. వెల్ష్ సమాజం అంటే తెల్లటి మొహం మీద నల్లటి మసి అన్న బొమ్మలో చోటు దొరకని వెల్ష్ వాళ్లు ఆ ఆల్బమ్‌లలో ఉన్నారు.

చట్టం ఎవరి వైపు

చట్టం విషయం చిన్నదే. బ్రిటన్‌లో 1988 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో మీద హక్కు సాధారణంగా తీసినవారిది, వారి మరణం తర్వాత 70 ఏళ్ల వరకు వారి వారసులది. బహిరంగ స్థలంలో ఒకరిని ఫోటో తీయడానికి సాధారణంగా ముందస్తు అనుమతి అవసరం లేదు. డబ్బిచ్చి తీయించుకున్న కుటుంబ ఫోటోలకు మాత్రం కొంత గోప్యతా రక్షణ ఉంది. మొత్తం మీద, బొమ్మలో ఉన్న మనిషికి ఆ బొమ్మ మీద చట్టపరంగా చేతిలో ఉన్నది స్వల్పం. అందువల్ల మిగిలినదంతా మర్యాద మీద, మాట మీద, మళ్లీ వెళ్లి ప్రింటు చేతికివ్వడం మీద ఆధారపడుతుంది.

నెగటివ్‌లు ఎక్కడ ఉంటాయి

ఫోటో తిరిగి చేరడం అంటే చివరికి ఒక భవనం, ఒక జాబితా, జీతం ఇవ్వగలిగిన ఒక ఉద్యోగి. జాన్ థామస్ (1838–1905) కథ దీనికి పాత ఉదాహరణ. బట్టల దుకాణంలో పనిచేసిన ఈ కార్డిగాన్‌షైర్ మనిషి లివర్‌పూల్‌లో ఫోటో వ్యాపారం పెట్టి, వేల్స్ అంతటా తిరిగి, బోధకులతో పాటు కూలీలను, కమ్మరులను, ముసలమ్మలను గాజు పలకల మీద తీశాడు. ఆ పలకలను ఓ. ఎం. ఎడ్వర్డ్స్ అనే సంపాదకుడు తన వెల్ష్ పత్రిక కోసం కొనకపోతే అవి ఏమై ఉండేవో. ఇవాళ 3,000కు పైగా జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. గ్రంథాలయం ఆయన ఫోటోలను, జెఫ్ చార్లెస్ ఫోటోలను వేల సంఖ్యలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వికీమీడియా కామన్స్ అనే ఆన్‌లైన్ ఫోటోల భాండాగారంలో పెట్టింది.

2017లో డేవిడ్ హర్న్ తన ఫోటోలు సుమారు 1,500, ఇతర ఫోటోగ్రాఫర్లతో మార్పిడి చేసుకున్న ప్రింట్లు మరో 700 వేల్స్ జాతీయ మ్యూజియానికి విరాళంగా ఇచ్చాడు. ఫోటోకు శాశ్వతమైన ఇల్లు దొరికిందని అప్పుడు అందరికీ అనిపించింది. 2024 ఏప్రిల్‌లో అదే మ్యూజియం సంస్థ నిధుల కోత వల్ల కనీసం 90 ఉద్యోగాలు తీసేయవలసి వస్తుందని, కార్డిఫ్ భవనం మరమ్మతులు జరగకపోతే మూసేయవలసి రావచ్చని ప్రకటించింది. తర్వాత ప్రభుత్వం మరమ్మతులకు కొంత డబ్బు ఇచ్చింది, మ్యూజియం తెరిచే ఉంది.

పోర్ట్ టాల్బట్‌లో ఆఖరి ఫర్నేస్ ఆగింది ఆ ప్రకటన వచ్చిన అయిదు నెలలకు. వృత్తి ఫోటోగ్రాఫర్లు తీసినవి ఏదో ఒక సంస్థకు చేరతాయి. ఉక్కు కార్మికుడు తన ఆఖరి షిఫ్టులో ఫోన్‌తో తీసుకున్న బొమ్మకు నెగటివ్ లేదు, గాజు పలక లేదు. ఫోను మార్చినప్పుడు అది ఉంటుందో పోతుందో ఎవరూ చెప్పలేరు. జాన్ థామస్ తీసిన కొందరి పేర్లు నూట యాభై ఏళ్ల తర్వాత కూడా తెలియవు, కానీ మొహాలున్నాయి. ఈ కార్మికుల పేర్లు అందరికీ తెలుసు. వాళ్ల ఫోన్లలోని బొమ్మలను ఎవరు, ఏ షరతు మీద, ఏ భాషలో వివరం రాసి దాచాలన్నదే ఇప్పుడు అక్కడి ఆర్కైవ్‌ల ముందున్న పని.